ఇంజిన్ పైనుండే పాత వాల్వ్ కవర్‌కి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కరిగించే పూత) వేస్తే బుడగలు, సూది రంధ్రాలు వస్తున్నాయి. ముందు ఎలా సిద్ధం చేయాలి?

చాలావరకు లోపం లోహంలో ఇంకిన ఆయిల్‌దే. పోత అల్యూమినియంలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఓవెన్‌లో పౌడర్ కరిగే వేళకి వాటిలోని ఆయిలూ గాలీ పైకి తన్ని పూతను పొడుచుకొస్తాయి.

సీళ్లు, గాస్కెట్లు, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌కి పంపేది), వీలైతే లోపలి బాఫిల్ ప్లేటూ (ఆయిల్ చిమ్మకుండా ఆపే రేకు) విప్పేయండి. డీగ్రీజర్‌తో కడిగాకే బ్లాస్టింగ్ (గరుకు రేణువులను గాలితో కొట్టి శుభ్రం చేయడం). జిడ్డు మీద బ్లాస్ట్ చేస్తే అది లోపలికే దట్టుకుంటుంది. తర్వాత పూత లేకుండానే, క్యూరింగ్ వేడి (పూత గట్టిపడే వేడి) కంటే 10–20 డిగ్రీలు ఎక్కువలో గంటసేపు కాల్చండి. అంటే 200 డిగ్రీల సెల్సియస్ పౌడర్‌కి 215 దగ్గర. గోధుమరంగు మరకలు తేలితే, చల్లారాక అసిటోన్‌తో తుడిచి మళ్లీ కాల్చాలి. మరకలు ఆగేదాకా ఇదే పని, అడ్డదారి లేదు.

ఇక గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. బోల్టు రంధ్రాలకు సిలికాన్ ప్లగ్గులు, గాస్కెట్ కూర్చునే అంచుకు హై టెంపరేచర్ పాలియెస్టర్ టేపు పెట్టండి. మామూలు మాస్కింగ్ టేపు మాడి జిగురు వదులుతుంది.

బాఫిల్ ఊడి రాని రకమైతే బ్లాస్టింగ్‌కి ముందే దాని సందులన్నీ మూసేయండి. అక్కడ చిక్కిన గ్రిట్ (బ్లాస్టింగ్ రేణువులు) తర్వాత ఆయిల్‌లో కలిసి బేరింగులను గీకేస్తుంది.