చీమకుర్తి గ్రానైట్ డాలర్లకు హెడ్జింగ్: కొనడం కాదు, అమ్మాలి

అన్నా, 3 నెలల్లో రావాల్సిన 50,000 డాలర్ల బిల్లుకు రక్షణగా (దీన్నే హెడ్జింగ్ అంటారు) డాలర్ ఫ్యూచర్స్, అంటే రాబోయే తేదీకి ఇప్పుడే రేటు ఖాయం చేసుకునే ఎక్స్ఛేంజ్ ఒప్పందాలు, కొన్నానన్నారు. అక్కడే తిరగబడింది. డాలర్ పడిపోతే బిల్లులోనూ, ఫ్యూచర్స్‌లోనూ రెండుచోట్లా నష్టమే. ఎగుమతిదారు అమ్మాలి. లాటు, అంటే ఒక్కో ఒప్పందం, 1,000 డాలర్లు కాబట్టి 50 లాట్లు, గడువు డబ్బు వచ్చే తేదీ తర్వాతది.

అమ్మాక డాలర్ రూపాయి పెరిగితే 50,000 రూపాయలు వెంటనే మార్జిన్ ఖాతాలోంచి (బ్రోకర్ దగ్గర హామీగా పెట్టిన డబ్బులోంచి) పోతాయి. బిల్లు మీద ఆ లాభం మాత్రం డబ్బొచ్చాకే. చేతిలో నగదు లేక అమ్మిన ఫ్యూచర్స్‌ను మధ్యలోనే తెగ్గొట్టుకునేది ఇక్కడే.

ఆ తలనొప్పి వద్దంటే బ్యాంకులో ఫార్వర్డ్ (డాలర్లను ముందే ఖాయం చేసిన రేటుకు బ్యాంకుకే అమ్మే ఒప్పందం) తీసుకోండి, రోజువారీ చెల్లింపులుండవు. పోర్టులో కంటైనర్ ఆలస్యమైతే మాత్రం రద్దు, పొడిగింపు ఖర్చు మీదే. అందుకే ఒక్క తేదీకి కాకుండా కొన్ని రోజుల వెసులుబాటుతో అడగండి. ఖాయంకాని ఆర్డర్లను ఇందులో కలపొద్దు.