పెళ్లయింది, వీసాకి వెళ్లాలి: పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా చిన్నమ్మాయికి మాఘమాసంలో పెళ్లి చేశాం. అల్లుడు డల్లాస్‌లో హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద పని చేస్తున్నాడు. అమ్మాయికి కూడా అక్కడే ఎంఎస్ సీటు వచ్చింది, ఆగస్టులో క్లాసులు. మెమోలు, పాస్‌పోర్టు, పాన్, టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) అన్నీ మా ఇంటిపేరుతోనే ఉన్నాయి. పెళ్లయ్యాక ఆధార్‌లో మాత్రం అత్తవారి ఇంటిపేరు పెట్టించారు. పాస్‌పోర్టు కూడా మార్చకపోతే వీసా రాదని వియ్యంకులు అంటున్నారు. మాంట్రియల్‌లో ఉండే మా పెద్దమ్మాయేమో అక్కడ పెళ్లితో పేరు మారదంటోంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాస్‌పోర్టు జోలికి ఇప్పుడు వెళ్లకండి. పెళ్లయిన ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలో చట్టం లేదు, అమెరికా వీసాకీ ఆ షరతు లేదు. భార్యాభర్తలని చూపించడానికి పెళ్లి సర్టిఫికెట్ కావాలి గానీ ఒకే ఇంటిపేరు అక్కర్లేదు. రేపు మీ అమ్మాయి చదువు వీసా కాకుండా హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవారి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద వెళ్లాలనుకున్నా ఇదే మాట. పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కించాలా అని చాలామంది అడుగుతుంటారు. ఎఫ్-1కి, అంటే చదువు వీసాకి, దానితో పనే లేదు.

మీ పెద్దమ్మాయి చెప్పిందీ నిజమే. మాంట్రియల్ ఉన్నది క్యూబెక్‌లో. అక్కడ 1981 నుంచి భార్యాభర్తలిద్దరూ పుట్టుకతో వచ్చిన పేర్లతోనే కొనసాగాలి, పెళ్లి కారణంగా ఇంటిపేరు మారదు. ఫ్రాన్స్‌లో భర్త ఇంటిపేరు వాడుకోనిస్తారు గానీ చట్టం దృష్టిలో అసలు పేరు పుట్టినప్పటిదే. జపాన్‌లో ఇందుకు పూర్తిగా తలకిందులు, పెళ్లి చేసుకునే జపనీయులిద్దరూ ఏదో ఒక ఇంటిపేరుకి రావాల్సిందే. అమెరికాలో అది ఎవరిష్టం వాళ్లది. ఇలా తలో పద్ధతి ఉండబట్టే ఇమిగ్రేషన్ వాళ్లు ఏ దేశపు ఆచారాన్నీ పట్టించుకోరు, చేతిలో ఉన్న పాస్‌పోర్టులో ఏం రాసుందో అదే చూస్తారు. ఐ-20, వీసా, విమానం టికెట్, అక్కడ దిగాక వచ్చే ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు), అన్నిటికీ మూలం ఆ ఒక్క పుస్తకమే.

ఇప్పుడు పాస్‌పోర్టు మారిస్తే ఏమవుతుందో చూడండి. టోఫెల్ స్కోరు పాత పేరుతో ఉండిపోతుంది. ఐ-20ని యూనివర్సిటీ మళ్లీ ఇవ్వాలి. ఫీజు రసీదు దగ్గర్నుంచి వీసా అపాయింట్‌మెంట్ దాకా ప్రతిదాన్నీ కొత్త పాస్‌పోర్టుతో సరిచూసుకోవాలి. స్లాట్లు దొరకడమే గగనంగా ఉన్న ఎండాకాలంలో ఈ పని చేతులారా నెత్తినేసుకోవడం నాకైతే తెలివైన పనిగా కనిపించడం లేదు.

డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఇంతకుముందు వేరే పేర్లేమైనా వాడారా అని అందులో అడుగుతారు. ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు ఎక్కింది కాబట్టి ‘అవును’ అని పెట్టి ఆ పేరు రాయించండి. రెండు పేర్లున్నంత మాత్రాన ఎవరూ తప్పుపట్టరు. ఉన్నదాన్ని దాచి, అది తర్వాత బయటపడితేనే చిక్కు. ఇంకో మాట. భర్త అమెరికాలో ఉన్నాడని చెబితే చదువు వీసా ఇవ్వరు, పెళ్లి సంగతి ఎత్తొద్దు అని సలహా ఇచ్చే కన్సల్టెన్సీలు ఉన్నాయి. అలాంటి చోట ఇంకో నిమిషం కూడా కూర్చోకండి. పెళ్లయిందా, భర్త పేరేమిటి, అమెరికాలో దగ్గరివాళ్లు ఎవరున్నారు అని ఫారంలోనే సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే ఈ వీసాతో పోదు, జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది.

పెళ్లి రిజిస్ట్రేషన్ అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే వెంటనే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి. అయ్యుంటే సర్టిఫికెట్ తీసి పాస్‌పోర్టు పక్కన పెట్టి అమ్మాయి పేరు అక్షరం అక్షరం చూడండి. మన దగ్గర ఎక్కువ గొడవ వచ్చేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొన్నిటిలో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్లి, అమెరికాలో పేరు చివరికి చేరుతుంది. ముందువెనుకలైతే పర్వాలేదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో తేడా ఉంటే మాత్రం సర్టిఫికెట్‌ని ఇప్పుడే దిద్దించుకోండి, మీరు ఇక్కడుండగానే అది తేలిక. భవిష్యత్తులో హెచ్-4కైనా గ్రీన్‌కార్డుకైనా భార్యాభర్తల పేర్లను కలిపే ముఖ్యమైన కాగితం ఇదే.

ఆధార్ గురించి. అమెరికా వీసాకి ఆధార్ అక్కర్లేదు, దానివల్ల వీసా ఆగదు. కానీ ఎడ్యుకేషన్ లోను తీసుకుంటుంటే అమ్మాయి పాన్‌లో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకొకటి చూసి బ్యాంకు అభ్యంతరం పెట్టొచ్చు. అలాగని వెంటనే మీసేవకి పరిగెత్తకండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే. ఒకటి అయిపోయింది. పెళ్లి సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుందా అని ముందు బ్యాంకు మేనేజర్‌ని అడగండి, కుదరదంటేనే పాస్‌పోర్టు ఆధారంగా పాత పేరుకి మార్పించండి. లోను అవసరమే లేకపోతే దాన్ని అలా వదిలేయండి.

వియ్యంకుల మనసు నొప్పించాలని నేను అనడం లేదు. అయితే ఏ ఇంటిపేరు ఉండాలన్నది ముందు మీ అమ్మాయిని అడిగారా? ఆమెకి ఇష్టమైతే తర్వాత కూడా మార్చుకోవచ్చు, అక్కడి మన కాన్సులేట్ పరిధిలోనే పెళ్లి సర్టిఫికెట్ పెట్టి కొత్త పాస్‌పోర్టు తీసుకోవచ్చు. అప్పుడైనా ముందు మారాల్సింది పాస్‌పోర్టే. తర్వాత పది రోజుల్లోగా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి చెప్పి ఐ-20 మార్పించుకోవాలి. సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఆ తర్వాత. వీసా స్టిక్కర్ మీద పాత పేరు ఉండిపోతుంది కాబట్టి మళ్లీ ఇండియా వచ్చినప్పుడు కొత్త వీసా వేయించుకోవడం మంచిది. నన్నడిగితే డిగ్రీ చేతికొచ్చి మొదటి ఉద్యోగంలో చేరేదాకా ఆగమంటాను. చదువు, ఇంటర్న్‌షిప్, ఉద్యోగం ఒకే పేరు మీద నడిస్తే కంపెనీలు చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ప్రశ్నలు తక్కువ వస్తాయి.

మెమోలు, డిగ్రీ పట్టా మాత్రం పెళ్లి పేరుతో ఎప్పటికీ మార్పించక్కర్లేదు. ఎవరైనా అడిగితే వాటికి పెళ్లి సర్టిఫికెట్ కాపీ జతచేస్తే చాలు.