స్క్వాడ్‌లో వాళ్లు, టీమ్ కాల్‌లో వాళ్లు నిజంగా స్నేహితులవుతారా?

మీరు అడిగింది ఇది: అనంతపురంలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పని, రాత్రయితే ఫోన్‌లో బీజీఎంఐ, నలుగురు ఒక స్క్వాడ్‌గా (జట్టుగా) ఆడే యుద్ధపు ఆట. రోజుకు పదిమందితో మాట్లాడుతున్నా ఒక్కరూ దగ్గర కాలేదు, అసలు ఇట్లా స్నేహాలు కుదురుతాయా అని.

కుదురుతాయి. కానీ ర్యాండమ్ మ్యాచ్‌లలో కుదరవు. అరగంట ఆట అయిపోగానే ఆ ముగ్గురూ మళ్లీ కనబడరు. టవర్‌క్లాక్ దగ్గర టీ కొట్టు స్నేహాలు ఎలా ముదురుతాయో ఇవీ అంతే: అదే మనుషులు, అదే వేళ, మళ్లీ మళ్లీ తగలాలి. స్క్వాడ్‌కి నలుగురే కావాలి, మీరు ఆరుగురిని పెట్టుకోండి. ఏ రాత్రయినా ఇద్దరికి ఏదో పని పడుతుంది, ఆట మాత్రం ఆగదు. వారానికి రెండు రాత్రులు, 9:30 నుంచి 11 వరకు చాలు. రోజూ అని పెట్టుకుంటే పెళ్లయినవాళ్లు ముందు జారుకుంటారు.

మాట కలిసేది ఫైట్‌లో కాదు. ఆట మొదలవడానికి ముందు వేచి ఉండే లాబీలో, విమానం మ్యాప్ మీద పోతున్న ఆ కాస్త సేపట్లో, ముందే చచ్చిపోయి మిగతావాళ్ల ఆట చూస్తున్నప్పుడు. చాలామంది చావగానే బయటికొచ్చి ఇంకో మ్యాచ్ మొదలెడతారు. అలా వెళ్లకండి, మైక్ ఆన్‌లోనే ఉంచి చూడండి. "ఈరోజు డ్యూటీ ఎట్ల జరిగింది న్నా?" అని అడగడానికి దొరికే సమయం అదే. విన్నది గుర్తుపెట్టుకోవడం ఇంకా ముఖ్యం. చెల్లెలికి గురువారం పరీక్ష అన్నాడంటే, తర్వాతి ఆటలో మీ మొదటి మాట "పరీక్ష ఎట్ల రాసింది?" అనే. ఆడపిల్ల గొంతు వినబడగానే వెకిలి మాటలు మొదలెట్టేవాడిని మాత్రం ఆ రాత్రే తీసేయండి. ఒకసారి ఊరుకుంటే ఆ అమ్మాయి మళ్లీ మైక్ ఆన్ చేయదు.

గొంతు సరిగ్గా చేరకపోతే ఇదేదీ పనిచేయదు. మాట ఇటునుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. కొన్నాళ్లకు ఇద్దరూ మానేస్తారు. బ్లూటూత్ బడ్స్‌లో మైక్ ఆన్ అవగానే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది, వైరు ఇయర్‌ఫోన్స్ వాడండి. కరెంటు కోతలకు రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టండి. కొనేముందు అడాప్టర్ మీద 12 వోల్టులో 9 వోల్టులో చూసుకోండి. ఫైబర్ డబ్బా విడిగా ఉంటే దానికీ బ్యాకప్ కావాలి, చాలామంది మర్చిపోయేది దీన్నే.

స్నేహాన్ని ఒక్క గేమ్ మీద నిలబెట్టకండి. పబ్‌జీ మొబైల్‌ను మన దేశంలో 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు, అక్టోబర్ చివర సర్వర్లే ఆగిపోయాయి. దాని బదులు వచ్చిన బీజీఎంఐ కూడా 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో గానీ తిరిగి రాలేదు. ఫ్రెండ్ లిస్టు తప్ప వేరే ఆనవాలు లేనివాళ్లకు అప్పుడు ఒకరినొకరు వెతుక్కునే దారే లేదు. కాబట్టి నెలలోపే గేమ్ బయట ఒక చాట్ గ్రూపు పెట్టండి. అమ్మాయిలుంటే డిస్కార్డ్ యాప్ మేలు, ఫోన్ నంబరు ఇవ్వనక్కర్లేదు.

ఆఫీసు సంగతి వేరు. వేళ కంపెనీయే పెడుతుంది గానీ మాట పని దాటదు. రోజూ టీమంతా కలిసే 15 నిమిషాల స్టాండప్ కాల్‌ను కబుర్లతో సాగదీస్తే అందరికీ చిరాకు. దానికి బదులు పదిహేను రోజులకోసారి ఒక్కరితో విడిగా 20 నిమిషాలు మాట్లాడండి. "ఊరికే మాట్లాడదాం" అని పిలిస్తే ఏం సమస్యొచ్చిందో అని అవతలివాళ్లు బెదురుతారు. "ఇక్కడ ఆగిపోయానండీ, స్క్రీన్ షేర్ చేస్తా, ఒకసారి చూస్తారా?" అనండి. పావుగంట పని నడుస్తుంది, చివరి ఐదు నిమిషాల్లో ఎండల గురించో పిల్లల బడి గురించో మాట దానంతటదే వస్తుంది. సాయం అడిగితే చులకనవుతామని మనకో భయం. నా ఉద్దేశంలో సాయం చేసినవాళ్లకే మన మీద అభిమానం పెరుగుతుంది. ఇంకొకటి, కాల్‌లో ఒక్క కన్నడ మనిషి ఉన్నా తెలుగు పక్కన పెట్టండి. అర్థం కాని నవ్వుల మధ్య కూర్చున్న మనిషి మనకు ఎప్పటికీ దగ్గర కాడు.

అమెరికా క్లయింటు ఉంటే నవంబర్ మొదటి ఆదివారం గుర్తుంచుకోండి. అక్కడ గడియారాలు మారతాయి, న్యూయార్క్ ఉదయం 9 మనకు సాయంత్రం 6:30 నుంచి 7:30 అవుతుంది. కాల్స్ గంట ఆలస్యమై ఆట వేళ మీద పడతాయి. ఆ వారమే స్క్వాడ్‌కి కొత్త వేళ చెప్పండి. చెప్పకుండా రెండు మూడుసార్లు రాకపోతే అలిగాడనుకుంటారు.

డబ్బు విషయంలో గట్టిగా ఉండండి. అకౌంట్ పాస్‌వర్డ్, ఓటీపీ ఎంత దగ్గరివాడికైనా ఇవ్వొద్దు. డబ్బు పందెం ఆటల్లోకి పిలిచేవాడు స్నేహితుడు కాదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఆర్నెల్లకైనా ఒకసారి కలవండి. బెంగళూరు నుంచి అనంతపురం, హైదరాబాద్ నుంచి కర్నూలు, రెండూ ఇంచుమించు 210 కిలోమీటర్లే, రెండూ 44వ నంబరు హైవే మీదే. మొదటిసారి పగలే, జనం ఉన్నచోట, ఇంట్లో చెప్పి వెళ్లండి. ఉగ్గాని బజ్జి తిని టీ తాగేంత సేపు చాలు. గొంతు ఏళ్లుగా తెలిసినా మనిషి పక్కన కూర్చోవడం కొత్త, మొదటి గంట మాటలు తడబడతాయి. దాన్ని చూసి స్నేహమే అబద్ధమనుకోకండి, ఫోన్లు తీసి ఒక మ్యాచ్ ఆడండి. గండికోట రెండోసారికి ఉంచండి, అక్కడ నీడ తక్కువ, ఎండ ముదరకముందే చేరుకోవాలి.