యాసునీ అడవికి వెళ్ళే ముందు బుజ్జికి పెద్దమ్మ రాసేది

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను, ఈక్వెడార్‌లో ఉన్న అమెజాన్ అడవి యాసునీకి వెళ్తున్నారన్నమాట. అడిగినవన్నీ సామాన్ల గురించే, ఏ షూస్ కొనాలి, ఏ బ్యాగ్ కొనాలి, దోమలకి ఏ క్రీమ్ మంచిది అని. అవన్నీ చెప్తాలే కానీ అంతకంటే ముందు ఒకటి తేల్చుకోండి, మీరు డబ్బులు కట్టబోయే లాడ్జ్ అసలు ఎవరిది? వెబ్‌సైట్‌లో ఈకల కిరీటం పెట్టుకున్న పెద్దాయన ఫోటో ఉన్నంత మాత్రాన అది ఆదివాసీలు నడిపేది అయిపోదు. కొన్నిచోట్ల ఓనర్ ఎక్కడో సిటీలో ఉంటాడు, ఊరివాళ్ళు పడవ తోయడానికీ గిన్నెలు కడగడానికీ మాత్రమే ఉంటారు, దానికీ కమ్యూనిటీ లాడ్జ్ అనే పేరు తగిలించేస్తారు.

అలాగని అన్నీ ఒకే పద్ధతిలో ఉండవు, మధ్యస్తంగా ఉండేవి కూడా ఉన్నాయి. పెరూలో పొసాదా అమజోనాస్ ఉంది కదా, అక్కడ ఇన్ఫియెర్నో అనే ఊరు 1996లో ఒక టూర్ కంపెనీతో 20 ఏళ్ళకి అగ్రిమెంట్ రాసుకుంది, లాభంలో 60 శాతం ఊరికి 40 శాతం కంపెనీకి అని. ఈక్వెడార్‌లోనే కపావీ అని ఇంకోటి, దాన్ని 1990ల్లో ప్రైవేట్ కంపెనీ కట్టి కొన్నేళ్ళు నడిపి 2008లో అచువార్ అనే ఆదివాసీలకి అప్పజెప్పేసింది. నువ్వు లింక్ పంపిన నాపో వైల్డ్‌లైఫ్ సెంటర్ అన్యాంగు అనే కిచ్వా ఆదివాసీల ఊరిది, 2007 నుంచి పూర్తిగా వాళ్ళ చేతుల్లోనే ఉంది, కాబట్టి దాని గురించి నాకు బెంగలేదు. వేరేది చూస్తే మాత్రం మొహమాటం లేకుండా మెయిల్ పెట్టి అడుగు, లాభం ఎక్కడికి పోతుంది, మేనేజర్ ఏ ఊరివాడు, గైడ్ ఎవరు అని. నిజంగా వాళ్ళదే అయితే మా స్కూల్ ఇది, మా క్లినిక్ ఇది అని పేరాలు పేరాలు రాస్తారు, కాకపోతే మాట దాటేసి డిస్కౌంట్ గురించి మాట్లాడతారు.

రేటు చూసి అల్లుడు గుండె పట్టుకుంటాడు, తెలుసు. ఉప్పు దగ్గర్నుంచి గ్యాస్ సిలిండర్ దాకా ప్రతిదీ పడవలో రావాలి, చెత్త మళ్ళీ పడవలోనే బయటికి పోవాలి, పైగా అదే డబ్బుతో ఆ ఊరివాళ్ళు వేట మానేసి బతుకుతున్నారు. బేరం ఆడొద్దని చెప్పు. తక్కువలో కావాలంటే ఒక రోజు తగ్గించుకోండి, అంతేగానీ మూడు రాత్రుల కంటే తక్కువకి మాత్రం వెళ్ళొద్దు, రానూ పోనూ ప్రయాణానికే రెండు పూటలు పోతాయి.

దారి సంగతి. రాజధాని క్విటో నుంచి కోకాకి ఫ్లైట్ అరగంట చిల్లర, బస్సయితే ఒక రాత్రంతా. క్విటో 2,850 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ స్వెటర్ కావాలి, ఫ్లైట్ దిగగానే చెమటలు. కోకా చూసి డల్ అయిపోకండి, అది ఆయిల్ టౌన్, ట్యాంకర్లూ పైపులూ వెల్డింగ్ షాపులూను. అక్కడ మోటార్ పడవ ఎక్కితే నాపో నది మీద రెండు గంటలు, నీళ్ళు మట్టిరంగులో ఇంత వెడల్పున ఉంటాయి కానీ లోతు తక్కువ, ఇసుక దిబ్బలు రోజుకో చోటికి మారుతుంటాయి కాబట్టి పడవవాడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వంకర్లు తిప్పుకుంటూ పోతాడు. దారిలో ఆయిల్ బావుల దగ్గర గ్యాస్ కాల్చే మంటలు కూడా కనిపిస్తాయి, లారీలు మోసుకెళ్ళే బల్లకట్టులు ఎదురొస్తాయి. మీ పెదనాన్న అది చూసి ఇదేం అడవి అని మొహం ముడుచుకున్నారు. అడవి పక్కనే ఆయిల్ ఉంది కాబట్టే లాడ్జ్ నడపడం అనేది ఆ ఊరికి అంత పెద్ద నిర్ణయం అయ్యింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2023 ఆగస్టులో ఈక్వెడార్ అంతా ఓటేసి యాసునీలో 43వ బ్లాక్‌లో ఆయిల్ తవ్వకం ఆపాలని తీర్పిచ్చింది, దాదాపు 59 శాతం మంది. కానీ యాసునీ ఎక్కువ భాగం ఉన్న ఒరెయానా ప్రావిన్స్‌లో మెజారిటీ దానికి ఎదురు ఓటేశారు, ఎందుకంటే అక్కడ ఉద్యోగాలన్నీ ఆయిల్ మీదే. పడవలో నీ పక్కన కూర్చున్నాయన తమ్ముడు ఆయిల్ కంపెనీలో పనిచేస్తూ ఉండొచ్చు. కాబట్టి పర్యావరణం మీద క్లాస్ పీకొద్దు, వాళ్ళు ఏమనుకుంటున్నారో అడిగి ఊరుకో. అల్లుడికి ఇది రెండుసార్లు చెప్పు, వాదన మొదలెడితే ఆయన ఆపడు.

పెద్ద నది వదిలి చిన్న వాగులోకి మళ్ళగానే మోటార్ ఆపేస్తారు. అక్కడ్నుంచి తెడ్లే, ముందొకరు వెనకొకరు, గంటన్నర రెండు గంటలు పడుతుంది. ఇంజన్ నిషేధం ఊరివాళ్ళే పెట్టుకున్నారు, అందుకే ఆ వాగులోనూ పై చెరువులోనూ జెయింట్ ఆటర్లు ఇంకా ఉన్నాయి. పెద్ద నీటికుక్కలన్నమాట, తలనుంచి తోకదాకా ఆరడుగులు ఉంటాయి. వాగు నీళ్ళు నల్లటి డికాక్షన్ రంగులో ఉంటాయి, కుళ్ళిన ఆకుల్లోంచి దిగే రంగు అది, మురికి అనుకోకు. ఆ నీళ్ళల్లో దోమలు పెద్దగా పెరగవు కాబట్టి మీరు భయపడేంత దోమలు ఉండవు.

ఇప్పుడు అసలు మాట. మీరు ఆ డబ్బులు కడుతున్నది రూముకని అనుకోవద్దు, ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన గైడ్ పక్కన గడిపే టైమ్‌కి కడుతున్నారు. మామూలుగా ఇద్దరుంటారు, ఒకాయన ఇంగ్లీషొచ్చిన నేచురలిస్ట్, ఇంకొకాయన లోకల్ గైడ్, ఆయనకి కిచ్వా, స్పానిష్ వస్తాయి, ఇంగ్లీష్ అంతంతమాత్రం. టూరిస్టులందరూ ఇంగ్లీషాయన చుట్టూ మూగుతారు. నువ్వు రెండో ఆయన వెనకే నడువు. ఆయన చటుక్కున ఆగిపోతాడు, తల కొంచెం పక్కకి వంచుతాడు, నీకు ఏమీ వినపడదు, ఓ నిమిషం పోయాక కొమ్మల్లో కోతుల గుంపు కదులుతుంది. అలా ఆగినప్పుడు నువ్వూ ఆగిపో, ఏంటి ఏంటి అని అడగకు, ఆయన చూపు ఎటుందో అటు చూడు. రోజంతా అదే పని చేస్తే చాలు. "ఏం విన్నారు?", "దీన్ని ఎందుకు వాడతారు?" అనే రెండు ప్రశ్నలు స్పానిష్‌లో నేర్చుకుని పో, మిగతాది చేతులతో అయిపోతుంది.

చెట్ల గురించి అడిగితే ఆయన ఇంకా హుషారవుతాడు. సాంగ్రే దె ద్రాగో అనే చెట్టు కనిపిస్తే చూపించమను. బెరడు మీద కత్తితో చిన్న గాటు పెడతాడు, అచ్చం నెత్తురులాంటి ఎర్రటి పాలు కారతాయి, ఒక చుక్క నీ ముంజేతి మీద వేసి వేలితో గుండ్రంగా రుద్దుతాడు, చూస్తుండగానే ఆ ఎరుపు పోయి తెల్లటి నురగ అవుతుంది, ఆరాక చర్మం మీద పల్చటి పొరలా బిగుసుకుంటుంది. దెబ్బలకీ పురుగు కాట్లకీ అక్కడ అదే మందు. ఇంకో చిన్న చెట్టుంది, దాని కాడ ఉబ్బిన చోట చీరితే లోపల చిన్న చిన్న చీమలు, నిమ్మకాయలా పుల్లగా ఉంటాయి, రుచి చూడమంటాడు. మీ అత్తగారి ముందు తినకు.

అన్నట్టు అత్తగారిని కూడా తీసుకెళ్తానన్నావు. నిక్షేపంగా తీసుకెళ్ళు, పడవలో కూర్చునే ఓపిక ఉంటే చాలు, వాగు మీదనే సగం జంతువులు కనిపిస్తాయి. చెట్ల పైదాకా ఎక్కి చూసే టవర్ ఒకటుంది, అది మాత్రం ఆవిడకి వద్దు, 30 మీటర్ల పైన ఇనప మెట్లు, నా మోకాళ్ళ మీద ఒట్టు. నువ్వూ అల్లుడూ తప్పకుండా ఎక్కండి, తెల్లారేలోపే. పైన బూరుగు జాతి మహావృక్షం కొమ్మల్లో ప్లాట్‌ఫామ్ ఉంటుంది, కింద నుంచి మెడ నొప్పి పుట్టేలా చూసిన పిట్టలన్నీ అక్కడ కళ్ళకి ఎదురుగా ఉంటాయి.

చిలకల మట్టి దిబ్బ గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. అక్కడ తిండిలో సోడియం తక్కువ, అందుకని చిలకలు ఆ ఉప్పు మట్టి కోసం వస్తాయి. మీరు ఆకుల గుడిసెలో చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. మొదట ఎక్కడో పైన గోల వినిపిస్తుంది కానీ ఒక్కటీ కనిపించదు, మెల్లగా ఒక్కో కొమ్మా దిగుతాయి, దిబ్బకి దగ్గరగా వచ్చి కూడా ఏదీ ముందు వాలదు, అన్నీ పక్కదాని వంక చూస్తుంటాయి, చివరికి ఏదో ఒకటి తెగించి వాలితే నిమిషంలో దిబ్బంతా పచ్చగా అయిపోతుంది. ఒక గద్ద నీడ పడినా, ఎవరైనా దగ్గినా, ఒక్కసారిగా అన్నీ లేచిపోతాయి, ఆ రెక్కల చప్పుడు ఛాతీలో తెలుస్తుంది. వాన పడితే రానే రావు. రాకపోతే గైడ్ మీద మొహం మాడ్చుకోవద్దు, ఆయన పిలిస్తే వచ్చేవి కావు కదా.

తిండి. శాకాహారం అయితే బుక్ చేసేటప్పుడే రాసెయ్యి, అక్కడికెళ్ళాక చెప్తే కోకా నుంచి కూరగాయలు ఎగిరి రావు. అన్నం, బీన్స్, అరటికాయ, కర్రపెండలం, గుడ్లు ఎలాగూ దొరుకుతాయి. చేప తింటే మాత్రం మైతో వదలొద్దు, ఆకులో చుట్టి నిప్పుల మీద కాలుస్తారు, ఇంకేం వెయ్యరు. ఊళ్ళోకి తీసుకెళ్ళినప్పుడు చిచా ఇస్తారు, కర్రపెండలం ఉడకబెట్టి దంచి పులియబెట్టింది, పాతకాలం పద్ధతిలో అయితే ఆడవాళ్ళు నమిలి కలుపుతారు, టూరిస్టులకి చాలాసార్లు నమలకుండానే చేస్తారు. తాగడం ఇష్టం లేకపోతే మొహం చిట్లించకుండా గిన్నె రెండు చేతులతో అందుకుని పెదాలకి తగిలించి థాంక్స్ చెప్పి ఇచ్చెయ్యి. తెల్లారుజామున గ్వాయూసా కాస్తారు, కాఫీలాగే నిద్ర వదిలించే ఆకు, ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ కూర్చుని తాగుతూ రాత్రి వచ్చిన కలలు చెప్పుకోవడం కిచ్వా వాళ్ళ అలవాటు. దానికి పిలిస్తే బద్ధకించకుండా లేచి వెళ్ళు.

సామాన్లు త్వరగా చెప్పేస్తా. రబ్బరు బూట్లు లాడ్జ్‌లోనే ఇస్తారు, పొడుగు సాక్స్ మాత్రం నువ్వు తీస్కెళ్ళు, ప్యాంటు సాక్స్‌లోకి దోపితే కంటికి కనపడని పురుగులు ఎక్కవు. బూటు వేసుకునే ముందు ప్రతిసారీ తిరగేసి దులుపు. జీన్స్ వద్దు, అక్కడ తడిస్తే ఇంటికొచ్చేదాకా ఆరదు. తలకి కట్టుకునే టార్చ్, ఫోన్‌కి జిప్ కవర్, మంచి బైనాక్యులర్స్ మనిషికొకటి, ఇద్దరికీ ఒకటే అయితే పిట్ట ఎగిరిపోయేలోపు మీరిద్దరూ పోట్లాడుకుంటారు. డీట్ అనే దోమల మందు ఉన్న క్రీమ్ రాసుకున్న చేత్తో బైనాక్యులర్స్ పట్టుకోకు, ప్లాస్టిక్ కరుగుతుంది, కప్పల్ని అసలే ముట్టుకోకు, వాటికి అది విషం.

ఇంకోటి, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. జారినా సరే పక్కనున్న చెట్టు పట్టుకోవద్దు. కాంగా అని నల్లటి పెద్ద చీమ ఉంటుంది, కుడితే ఒక రోజంతా ప్రాణం తోడేస్తుంది, కొన్ని తాటిజాతి చెట్ల మొదళ్ళకైతే ఒళ్ళంతా సూదుల్లాంటి ముళ్ళే. ముందు చూడు, తర్వాతే చెయ్యి వెయ్యి. లేకపోతే బురదలో కూలబడు, నయం.

ఫోటో తీసే ముందు అడుగు, పిల్లల ఫోటోలకి తల్లిని అడుగు. డ్రోన్ ఇంట్లో పెట్టి రా, నేషనల్ పార్క్‌లో పర్మిషన్ లేకుండా ఎగరెయ్యకూడదు. పిల్లలకి చాక్లెట్లు పంచే సరదా వద్దు, పళ్ళు పాడవుతాయి, పైగా పడవ కనిపిస్తే చాలు చెయ్యి చాపడం అలవాటవుతుంది. ఈ అడవిలోనే ఇంకో వైపు తగయేరి, తరోమెనానె అనే వాళ్ళున్నారు, బయటి మనుషులు వద్దనుకుని లోపలే ఉండిపోయినవాళ్ళు, వాళ్ళ చోటుని 1999లోనే ఎవరూ అడుగుపెట్టకూడదని ప్రకటించారు. వాళ్ళని దూరం నుంచైనా చూపిస్తారా అని అడిగే టూరిస్టులు ఉంటారు. మీరు అడగొద్దు.

డబ్బులు డాలర్లే, ఈక్వెడార్‌లో 2000 నుంచి అవే నడుస్తున్నాయి. 1, 5, 10 నోట్లు ఎక్కువ పెట్టుకో, 50, 100 నోట్లు ఇస్తే వాళ్ళ దగ్గర చిల్లర ఉండదు, ఏటీఎం ఊసే లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు గింజల దండలు, చాంబిరా తాటినారతో అల్లిన సంచీలు అమ్ముతారు, కొంటే అక్కడే కొను. టిప్ ఇచ్చేటప్పుడు గైడ్లకి విడిగా, వంటవాళ్ళకీ తెడ్డు వేసేవాళ్ళకీ కలిపి పెట్టే డబ్బాలో విడిగా వెయ్యి, కనపడని వాళ్ళే ఎక్కువ కష్టపడతారు.

ఇవన్నీ ఒకెత్తు, యెల్లో ఫీవర్ టీకా ఒకెత్తు. కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకో, ఈక్వెడార్ నుంచి ఇండియాకి వచ్చేటప్పుడు అది లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుని 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టగలరు. ఒకసారి వేయించుకుంటే జన్మకి సరిపోతుంది. మీ అత్తగారికి 60 దాటాయి కాబట్టి ఆవిడకి వెయ్యొచ్చో లేదో డాక్టర్ని అడిగాకే ఆవిడ టికెట్ కొను, మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే అడిగెయ్యి. వీసా రూల్స్ మారుతుంటాయి, ఎంబసీ వెబ్‌సైట్ చూడు, ఏజెంట్ మాట నమ్మకు.

డేట్లు ఖాయమయ్యాక చెప్పు, మా బైనాక్యులర్స్ ఒకటి పంపిస్తా. మీ పెదనాన్నది అడగొద్దు, ఇవ్వరు.

ఇట్లు
పెద్దమ్మ