మా చెరువు పక్కన ఎస్టీపీ వద్దని కొట్లాడినవాడిగా చెప్తున్నా

మీ కాలనీ వెనక చెరువు పక్కన ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, వస్తోందనీ, కాలనీ అంతా వద్దంటోందనీ, కోర్టుకెళ్తే ఆగుతుందా అనీ అడిగారు. హైదరాబాద్‌లో మా కాలనీ అసోసియేషన్‌కి నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు సరిగ్గా ఇదే గొడవ నడిచింది. ముందుండి నడిపింది నేనే. ప్లాంటు ఆగలేదు. ఇప్పుడు మా డాబా ఎక్కితే దాని ట్యాంకులు కనిపిస్తాయి.

సూటిగా జవాబు కావాలంటే ఇది: స్థలంలోనో అనుమతుల్లోనో గట్టి లోపం దొరికితే ఆగొచ్చు. "మా పక్కన వద్దు" అన్న ఒక్క మాటతో ఆగదు. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

మాకు విషయం తెలిసింది జేసీబీ వచ్చిన రోజున. చాటుమాటుగా కానిచ్చేస్తున్నారని అప్పుడు మండిపడ్డాం కానీ, 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో ముందస్తు అనుమతి కావాల్సిన ప్రాజెక్టుల జాబితా ఉంటుంది, అందులో ఇళ్ల మురుగు శుద్ధి చేసే ప్లాంట్లు లేవు. కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కావాలి గానీ, ఆ నోటిఫికేషన్ కింద జరిగే బహిరంగ విచారణ వీటికి ఉండదు. అందుకే ఎవరూ వచ్చి మనల్ని అడగరు. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపు పెట్టాం. రెండు రోజుల్లో 240 మంది చేరారు. ఇంటికి 500 చందా, నాలుగు ఫ్లెక్సీలు, ఆదివారం పొద్దున ధర్నా. 240 మందిలో వచ్చింది ముప్పై అయిదు మంది. వాళ్లలో సగం మంది వాకింగ్ ముగించుకుని అటు నుంచి అటే వచ్చిన రిటైర్డ్ పెద్దలు. స్థానిక నాయకుడొకాయన మా ఫ్లెక్సీ పట్టుకుని ఫొటో దిగి, చూద్దాం చేద్దాం అని కారెక్కాడు.

గ్రూపులో మాత్రం రాత్రి పన్నెండు దాకా మెసేజ్‌లే. క్యాన్సర్ వస్తుందని ఒకరు, బోర్లు పాడైపోతాయని ఇంకొకరు, ఫ్లాట్ రేట్లు సగానికి పడిపోతాయని మరొకరు. నిజం చెప్పుకోవాలంటే ఆ మూడోదే అసలు భయం, మొదటి రెండూ దానికి తొడిగిన చొక్కాలు.

ఆ వారం గుడి పక్క హాల్లో మీటింగ్ పెట్టాం. నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు చివరి కుర్చీలో కూర్చుని, అందరి అరుపులూ అయ్యాక లేచారు. "ఇప్పుడు మన ఇళ్లల్లోది ఎటు పోతోందయ్యా?" అన్నారు. "అదేముందండీ, డ్రైనేజీలోకే" అన్నారెవరో. "ఆ డ్రైనేజీ ఎటు పోతోంది?" ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆయనా, నేనూ, మా కోశాధికారీ మ్యాన్‌హోల్ మూతలు లెక్కపెట్టుకుంటూ నడిచాం. మా వీధి చివర్నుంచి ఎడమకి, కిరాణా కొట్టు ముందు నుంచి, అక్కణ్ణుంచి పల్లంలోకి. పన్నెండో మూత తర్వాత ఇక మూతల్లేవు. రెండడుగుల సిమెంటు పైపు తిన్నగా చెరువులోకి తెరుచుకుని ఉంది. పైపు మూతి దగ్గర నల్లటి నీళ్లు, తెల్లటి నురగ, ఆ పైన గుర్రపుడెక్క. కోశాధికారి ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "అన్నా, ఇది గ్రూపులో పెట్టకు" అన్నాడు. నేను పెట్టలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

చెరువుకి అవతలి గట్టున బస్తీ ఉంది. మా అపార్ట్‌మెంట్లలో పనికి వచ్చే ఒకామె ఇల్లు అక్కడే. సంతకాల కాగితం పట్టుకుని వెళ్తే, "వచ్చే వాసనకు మీరు సంతకాలు తీసుకుంటున్నరు సార్. ఉన్న వాసనకు మేం ఎవరికి పెట్టాలె?" అంది. సంతకం పెట్టలేదు. ఆ బస్తీ నుంచి ఒక్కరు కూడా మా గ్రూపులో లేరు. చేర్చాలని మాకు తట్టనే లేదు.

"ఊరవతల కట్టుకోవచ్చు కదా" అని మీ దగ్గరా అంటూ ఉంటారు. నీరు పల్లమెరుగు అన్నట్టు, మురుగూ అంతే. పల్లంలోనే చెరువు ఉంటుంది కాబట్టి ప్లాంటూ అక్కడికే వస్తుంది. ఎత్తుకి తరలిస్తే రాత్రింబవళ్లు పంపులు నడవాలి, అవి ఆగిన రోజున మన మ్యాన్‌హోళ్లే పొంగుతాయి. లెక్క కూడా పెద్దాయనే చెప్పారు. మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు వేసుకుంటే, అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు మురుగుగా బయటికి వస్తాయి. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు. అంటే సుమారు తొమ్మిది వేల మంది మురుగు. 2021లో హైదరాబాద్‌కి 31 కొత్త ఎస్టీపీలు మంజూరయ్యాయి. అప్పటికి నగరంలో రోజూ పుట్టే మురుగు దాదాపు 1,650 ఎంఎల్‌డీ, శుద్ధి చేసే సామర్థ్యం 772. మిగతాది ఎటు పోతోందో మేం పన్నెండో మూత దాటాక చూశాం.

ఇదంతా చెప్పి, కాలనీవాళ్లు దేన్నీ వ్యతిరేకించకూడదని అనడం లేదు. బెంగళూరులో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా స్టీల్ ఫ్లైఓవర్ కడతామంటే 2016 అక్టోబరులో జనం చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు, 2017 మార్చిలో ప్రభుత్వమే దాన్ని రద్దు చేసింది. వాళ్లూ "బేడ" అనే అన్నారు, అంటే వద్దనే. కానీ ఫ్లైఓవర్‌కి బదులు బస్సులు పెంచొచ్చు, సబర్బన్ రైలు వేయొచ్చు. మురుగుకి బదులేముంది? అదే ఊళ్లో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కి ఇస్తే ఆ కాలనీవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే నిలిచింది. కాబట్టి మీ స్థలం లేఅవుట్‌లో పార్కుగా చూపించిందేమో ముందు చూడండి. చెరువు ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, ఎక్కడుందో కూడా చూడండి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఖాళీ జాగా, వదలాలి. ఇక్కడ లోపం దొరికితే మీ కేసులో బలం ఉన్నట్టే. కాకపోతే గడువు మర్చిపోకండి. ఎన్‌జీటీకి, అంటే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి, వెళ్లాలంటే కారణం మొదట పుట్టిన ఆరు నెలల్లో వెళ్లాలి, సరైన కారణం చూపితే మరో 60 రోజులిస్తారు. మన రెండు రాష్ట్రాలకీ బెంచి చెన్నైలో ఉంది. మేం ఆ ఆరు నెలలూ ధర్నాలతో గడిపేసి, తర్వాత హైకోర్టుకి పరుగెత్తాం. స్టే రాలేదు. లాయరు ఫీజులకే లక్షన్నర దాటింది.

మేం చేసిన పనికొచ్చే పని ఒకటే, అదీ ఆలస్యంగా. పది రూపాయల ఫీజు కట్టి ఆర్టీఐ కింద ప్లాంట్ లేఅవుట్ డ్రాయింగ్ అడిగాం. అది చేతికొచ్చాకే అసలు టెన్షన్ మొదలైంది. లారీల గేటు మా ముప్పై అడుగుల రోడ్డు మీదకి, బడి పక్కకి పెట్టారు. శుద్ధి అయ్యాక మిగిలే బురదని ఉంచే షెడ్డు మూడో వీధి వైపు ప్రహరీకి ఆనుకుని ఉంది. ఎస్బీఆర్ పద్ధతి ప్లాంట్లలో ఒకే ట్యాంకులో మురుగు నింపడం, గాలి కొట్టడం, తేర్చడం, పైనీళ్లు వంపడం వంతులవారీగా జరుగుతాయి. గాలి సరిగ్గా కొడుతున్నంత సేపూ ఆ ట్యాంకు దగ్గర పెద్దగా వాసన ఉండదు. వాసన పుట్టేది రెండు చోట్ల: పచ్చి మురుగు వచ్చి పడే జల్లెడ గది దగ్గర, బురద పిండి లారీకెత్తే షెడ్డు దగ్గర. గాలి కొట్టే బ్లోయర్లు చాలాసేపు ఆగిపోతే ట్యాంకు నుంచి కూడా కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, అందుకే జనరేటర్ ఉండాలి.

డ్రాయింగ్ పట్టుకుని వెళ్తే, అదివరకు మమ్మల్ని చూస్తేనే ముఖం తిప్పుకునే సైట్ ఇంజనీర్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. గేటు అవతలి వైపుకి మార్చారు. జల్లెడ గదికి కప్పు వేశారు. జనరేటర్‌కి శబ్దం తగ్గించే గది కట్టారు. షెడ్డు మాత్రం మార్చలేమన్నారు, అప్పటికే దాని పునాదులు పడిపోయాయి. "నాలుగు నెలల కింద అడిగి ఉంటే కాగితం మీద గీత జరిపేవాళ్లం సార్" అన్నాడు. ఆ నాలుగు నెలలూ మేం గేటు దగ్గర ఫ్లెక్సీలు పట్టుకుని నిలబడ్డాం.

ఇప్పుడెలా ఉందంటారా? మా వీధిలో ఏమీ తెలియదు. చెరువులోకి నురగ రావడం ఆగింది, గుర్రపుడెక్క తీసేశారు, దోమలు పూర్తిగా పోలేదు. ఫ్లాట్ రేట్లు పడలేదు సరికదా, పక్కన కడుతున్న కొత్త అపార్ట్‌మెంట్‌కి లేక్ వ్యూ అని బోర్డు పెట్టారు. మూడో వీధిలో మాత్రం షెడ్డుకి ఎదురుగా రెండిళ్లున్నాయి. చలికాలం గాలి కదలని సాయంత్రాల్లో లారీకి బురద ఎత్తుతుంటే ఓ అరగంట సేపు అక్కడ నిలబడలేం. ఆ ఇళ్లలో ఒకాయన మా ధర్నాలన్నిటికీ వచ్చాడు, చందా రెండుసార్లు ఇచ్చాడు, గ్రూపులో ఎప్పుడూ ఒక్క మెసేజ్ పెట్టలేదు. ఆయన పడకగది కిటికీ ఇప్పుడు ఎప్పుడూ మూసే ఉంటుంది.

మీరు రేపే ఆర్టీఐ వేయండి. లేఅవుట్ డ్రాయింగ్, కాలుష్య మండలి సమ్మతి పత్రం, బురద ఎక్కడికి తీసుకెళ్తారన్న వివరం, మూడూ అడగండి. జవాబుకి 30 రోజుల గడువుంటుంది, ఈలోపు చెరువు చుట్టూ ఒకసారి నడిచి, అవతలి గట్టు వాళ్లనీ మీటింగ్‌కి పిలవండి. డ్రాయింగ్ రాగానే ముందు గేటు ఎటుందో, బురద షెడ్డు ఎటుందో చూడండి. ఆ షెడ్డుకి ఎదురుగా ఎవరి ఇల్లుంటే వాళ్లని కమిటీలో మొదటి కుర్చీలో కూర్చోబెట్టండి.