రెండు ప్రకటనలూ పక్కపక్కన పెట్టుకుని చదువు

తమ్ముడూ,

అమెరికా-చైనా వాణిజ్య చర్చల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శైలి బాగుంది, చదివిస్తుంది. అయితే మొదటి పేరాలోనే 'చర్చలు సుహృద్భావ వాతావరణంలో సాగాయి' అన్నావు. గది తలుపులు మూసి ఉన్నాయి కదా, నీకెలా తెలిసింది? అది అధికార ప్రతినిధి మాట. చెప్పదలిస్తే ఆయన పేరుతోనే చెప్పు.

ఇలాంటి భేటీల తర్వాత ఇరుపక్షాలూ విడివిడిగా ప్రకటనలు ఇస్తాయి. నేనైతే ముందు వెతికేది ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని సంగతిని. 2018 డిసెంబరు 1న బ్యూనస్ ఎయిర్స్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ విందులో కూర్చుని సుంకాల పోరుకు విరామం ఇచ్చారు. 90 రోజుల్లో ఒప్పందం కుదరకపోతే సుంకం 10 నుంచి 25 శాతానికి పెంచుతామని వైట్‌హౌస్ ప్రకటించింది. చైనా మొదట ఇచ్చిన వివరణలో ఆ గడువు ఊసే లేదు. ఆ ఒక్క తేడా చాలు, పేచీ తేలలేదని పసిగట్టడానికి. గడువు పొడిగించినా ఫలితం లేకపోయింది. 2019 మేలో సుంకం 25 శాతానికి చేరనే చేరింది.

ఉమ్మడి ప్రకటన వస్తే పని తేలికవుతుందనుకోకు. 2025 మే 12న జెనీవా ప్రకటన వెలువడగానే అమెరికా సుంకం 145 నుంచి 30 శాతానికి తగ్గిందని అంతటా వార్తలు వచ్చాయి. తప్పేమీ కాదు. కానీ ఆ ప్రకటనలో 30 అన్న అంకె ఎక్కడా కనిపించదు. ఏప్రిల్‌లో ఒకదాని మీద ఒకటిగా పెంచిన సుంకాలను తీసేసి, మిగిలిన 34లో 24 శాతాన్ని 90 రోజులు నిలిపి, 10 శాతాన్ని కొనసాగిస్తామని ఉంది. మిగతా 20 శాతం ఫెంటానిల్ అనే మత్తుమందు పేరు చెప్పి అంతకుముందు వేసినది. దాని ప్రస్తావనే రాలేదు. 2018 నాటి నుంచి ఉన్న సుంకాలు వీటికి అదనం. ఆ 20 శాతం మీద బేరం నెలల తరబడి సాగి, చివరికి అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ట్రంప్, షీ భేటీ అయినప్పుడు 10కి దిగింది. మేలో ఆ కాగితాన్ని నిదానంగా చదివినవారికి ముందున్న తగాదా ఏమిటో అప్పుడే అర్థమై ఉంటుంది.

పేరు చెప్పవద్దంటూ ఎవరైనా నీ చెవిన ఏదైనా వేస్తే, అది బయటికి రావడం ఎవరికి లాభమో ఆలోచించుకో. ఈ విషయంలో అనుమానం ఎంత ఉన్నా ఎక్కువ కాదు.

సంతకాల రోజు హడావిడిని కూడా నమ్మవద్దు. 2020 జనవరి 15న కుదిరిన మొదటి దశ ఒప్పందంలో, రెండేళ్లలో 2017 స్థాయికి మించి మరో 20 వేల కోట్ల డాలర్ల కొనుగోళ్లు చేస్తామని చైనా మాట ఇచ్చింది. గడువు ముగిశాక అమెరికాలోని పీటర్సన్ ఆర్థిక పరిశోధన సంస్థ లెక్క తీస్తే, ఆ అదనంలో కొన్నది సున్నా. సంతకాలకు వచ్చిన పెద్ద అక్షరాల శీర్షికలు ఈ లెక్కకు రాలేదు.

బూసాన్ తర్వాత వైట్‌హౌస్ చెప్పిన సోయాబీన్ హామీని నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు: 2025 చివరి రెండు నెలల్లో 1.2 కోట్ల టన్నులు, ఆపైన మూడేళ్లపాటు ఏటా 2.5 కోట్ల టన్నులు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ ఎగుమతి అమ్మకాల లెక్కలు వారం వారం విడుదల చేస్తుంది. అవి ముందు పెట్టుకుని, ఆ సుహృద్భావాన్ని కొట్టేసి, మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య