స్కాన్‌లో కనిపించే ప్రతి నల్లమచ్చా క్యాన్సర్ కాదమ్మా

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 64 ఏళ్లు. కొన్నేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. ఈమధ్య నడుం నొప్పి అంటుంటే బోన్ స్కాన్ తీయించాం. నుదుటి ఎముకలో, రెండు మోకాళ్లలో, నడుం కింది పూసల్లో 'అప్‌టేక్' (స్కాన్ మందును ఎముక పట్టుకోవడం) ఎక్కువగా ఉందని రాశారు. అప్పటినుంచీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కిందటేడు మా అక్క కొడుక్కి (12 ఏళ్లు) కాలి నొప్పికి ఇదే స్కాన్ తీస్తే, రెండు మోకాళ్లూ అమ్మవాటికంటే నల్లగా వచ్చాయి. వాడికి మాత్రం నార్మల్ అన్నారు. ఇదెలా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరుగా ఈ టెన్షన్ నేను రోజూ చూస్తాను. ముందు ఒక మాట. ఈ స్కాన్‌లో నలుపు అంటే క్యాన్సర్ అని కాదు, ఆ చోట ఎముక పని చురుగ్గా జరుగుతోందని. నరంలోకి ఎక్కించే టెక్నీషియం అనే కొద్దిపాటి రేడియోధార్మిక మందు, రక్తం ఎక్కువగా చేరేచోట, కొత్త ఎముక తయారయ్యేచోట ఎక్కువగా పట్టుకుంటుంది. మూడు గంటల తర్వాత, ఆ మందునుంచి వచ్చే కిరణాల్ని పట్టే గామా కెమెరా దాన్నే చూపిస్తుంది. ఎముక ఎందుకు పని చేస్తోందనేది ఆ మనిషి వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది.

మీ అక్కగారి అబ్బాయి ఎదుగుతున్న పిల్లవాడు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర గ్రోత్ ప్లేట్లు ఉంటాయి. వాడు పొడవు పెరిగేది అక్కడే. అందుకే మోకాలికి పైనొకటి, కిందొకటి అడ్డగీతల్లా నల్లగా వస్తాయి. భుజాలు, మణికట్లు, పక్కటెముకల ముందు చివరలు కూడా అంతే. ఆడపిల్లల్లో ఈ ప్లేట్లు మగపిల్లలకంటే సుమారు రెండేళ్లు ముందే మూసుకుంటాయి. కాబట్టి పదిహేనేళ్ల అమ్మాయి మోకాలు వెలిసిపోయినట్టుంటే, అదే వయసు అబ్బాయిది ఇంకా నల్లగానే ఉండొచ్చు. ఇద్దరిదీ నార్మలే. అయితే ఆ వయసులో ఎముక గడ్డలు ఎక్కువగా వచ్చేదీ మోకాలి దగ్గరే. అందుకే పిల్లల స్కాన్‌లో నేను ఎక్కువసేపు అక్కడే ఆగుతాను. గీత అంచు తేటగా ఉందా, కుడి ఎడమ ఒకేలా ఉన్నాయా అని చూస్తాను. కాలు కాస్త పక్కకు తిరిగినా గీత ముద్దలా కనిపిస్తుంది. అలాంటప్పుడు పాదాలు నిటారుగా పెట్టించి మళ్లీ తీయిస్తాను.

అమ్మగారి గ్రోత్ ప్లేట్లు ఎప్పుడో మూసుకున్నాయి. ఆ వయసులో రెండు మోకాళ్లూ నల్లగా ఉంటే చాలావరకు కీళ్ల అరుగుదలే. ఇక నుదురు. నెలసరి ఆగిన ఆడవాళ్లలో నుదుటి ఎముక లోపలివైపు మందమెక్కడం మామూలే, మగవాళ్లలో అరుదు. అది మధ్యగీతను వదిలి రెండు పక్కలా ఇంచుమించు సమానంగా పరుచుకుంటుంది. ఫిల్ములో అలాగే ఉంటే అది హాని లేనిది, మందు కూడా అక్కర్లేదు. ఒకే పక్క, ఒకేచోట గుండ్రంగా ఉంటే మాత్రం సీటీ తీసి తేల్చుకోవాలి.

నుదుటి గురించి చెప్పినంత ధైర్యంగా పూసల గురించి చెప్పలేను. ఈ వయసులో పూసల అంచుల్లో, వెనక చిన్న కీళ్లలో అరుగుదల నల్లగానే వస్తుంది. కానీ రొమ్ము క్యాన్సర్ పాకే చోట్లలో వెన్నెముక ముఖ్యమైనది. మచ్చ కీలులో ఉందా, పూస ఒంటిలో (పూస ముఖ్యభాగంలో) ఉందా అన్నది మామూలు బోన్ స్కాన్‌లో ఒక్కోసారి తేలదు. స్పెక్ట్-సీటీ (ఇదే స్కాన్‌ను చుట్టూ తిప్పి తీసి సీటీతో కలిపి చూడటం) గానీ, ఎంఆర్ఐ గానీ చేయిస్తే తెలుస్తుంది. ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టరును) అడిగి, వాయిదా వేయకుండా చేయించండి. ఈలోగా అమ్మగారికి కాళ్లలో బలం తగ్గినా, మొద్దుబారినా, మలమూత్రాలపై పట్టు తప్పినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రొమ్ము తీసేసిన పక్క పక్కటెముకలు కొంచెం నల్లగా కనిపిస్తే కంగారుపడకండి. పైన కండ తగ్గడంవల్ల కెమెరాకు అవి తేటగా అందుతాయి. మగవాళ్లకు ఇంకో రకం ఇబ్బంది ఉంది. ప్రొస్టేట్ పెరిగిన పెద్దాయన మూత్రం పూర్తిగా పోయలేకపోతే, స్కాన్ మందు కలిసిన మూత్రంతో నిండిన మూత్రాశయం కటి ఎముకల్ని కప్పేస్తుంది. స్కాన్‌కి ముందు మూత్రానికి వెళ్లి రమ్మనేది అందుకే. ఎముకల బలం చూసే డెక్సా పరీక్ష వేరు, దాన్నీ దీన్నీ కలపకండి.

ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత స్కాన్ ఉంటే ఫిల్ములతో సహా పట్టుకెళ్లండి. అమ్మగారు ఈ రెండు మూడేళ్లలో ఎక్కడైనా జారిపడ్డారేమో, పళ్లు తీయించుకున్నారేమో అడిగి కాగితం మీద రాసుకోండి. విరిగి అతికిన ఎముక చాలా నెలలపాటు నల్లగానే కనిపిస్తుంది, పన్ను తీసిన చోట దవడా నల్లగా రావచ్చు. ఆ సంగతి మీరు చెబితే తప్ప మాకు తెలియదు.